మాగాణి తేమను మెట్ట లెక్కలో రాయకండి

సంపాదకుల వారికి,

పంచాయతీ స్థాయి వాతావరణ సూచనల గురించి పోయిన వారం మీ పత్రికలో వార్త వచ్చింది. చదివినప్పటి నుంచీ మనసులో మెదులుతూనే ఉంది. 2025 మే 26న ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ అంచనా వ్యవస్థతో, లెక్క కట్టడానికి దేశాన్ని విడగొట్టే చదరపు గడి 12 కిలోమీటర్ల నుంచి 6 కిలోమీటర్లకు తగ్గిందని, ఇక ఊరూరికీ కచ్చితమైన కబురు అందుతుందని రాశారు. దాన్ని తయారుచేసిన పుణె శాస్త్రవేత్తల శ్రమ చిన్నదేమీ కాదు. కానీ గడి చిన్నదైనంత మాత్రాన అందులోని నేల ఎలాంటిదో ఆ లెక్క కట్టే కంప్యూటర్ మోడల్‌కు తెలిసిపోదు. ఆ సంగతి వార్తలో ఒక్క ముక్క కూడా లేదు.

6 కిలోమీటర్ల గడి అంటే 36 చదరపు కిలోమీటర్లు, దాదాపు 9 వేల ఎకరాలు. మా పల్నాడుకు వచ్చి సాగర్ కుడి కాలువ గట్టెక్కి చూడండి. దిగువన వరి మడుల్లో చీలమండ మునిగే నీళ్లు. ఎగువన గులకరాళ్లు తేలిన ఎర్ర గరప నేల, ఆ పక్కనే నల్లరేగడి. ఎండాకాలంలో రేగడి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, తొలకరి వాన ముందు ఆ నెర్రెల్లోకే పోతుంది. అదే వాన గరప నేలలో ఇట్టే ఆరిపోతుంది. బొల్లాపల్లి వైపు పోతే నల్లమల కొండా, అడవీ కూడా గడిలోకి వచ్చేస్తాయి.

చాలా మోడళ్లు గడిలో ఏ నేల ఎక్కువుంటే గడంతా అదే అనుకుంటాయి, లేదా సగటు తీస్తాయి. సగం తడి, సగం పొడి ఉంటే మొత్తం ఓ మోస్తరు తడి అనుకోవడం కాగితం మీద సులువే. నేల తీరు వేరు. నీళ్లు నిలిచిన మడి నుంచి ఎండ కాసినంతా ఆవిరి లేస్తుంది. ఎండిన మెట్ట నుంచి వేడి తప్ప ఏమీ లేవదు. గాలి కదలడానికీ, మబ్బు పట్టడానికీ ఆ తేడా కూడా ఒక కారణం. సగటులో పోయేది సరిగ్గా ఆ తేడాయే.

దీనికి దారి లేకపోలేదు. బ్రిటన్ వాతావరణ శాఖ వాడే జూల్స్ అనే నేల మోడల్ ప్రామాణిక రూపంలో గడిని చెట్లు, గడ్డి, నీళ్లు, ఉత్త నేల లాంటి తొమ్మిది రకాల వాటాలుగా విడదీసి, దేని లెక్క దానికి కడుతుంది. అయితే అందులోనూ వరికి విడిగా చోటు లేదు, గడ్డి జాతిలోనే కలిసిపోతుంది. వరి తిని బతికే మనమే ఆ చోటు కల్పించుకోవాలి.

కిందటి ఖరీఫ్‌లో కాలువకు నీళ్లొదిలాక మా ఫోన్లకు ఒక సలహా వచ్చింది, మండలంలో నేల తేమ సరిపడా ఉందని. ఆ తేమ దిగువ మడుల్లోది. దాన్ని నమ్మి మెట్టన మిరప నారు నాటినవాళ్లు తర్వాత ట్యాంకర్లు తెప్పించుకుని, చెంబులతో మొదలు మొదలుకూ నీళ్లు పోసుకున్నారు. ఆ డీజిల్ ఖర్చు, ఆ టెన్షన్ ఏ లెక్కలోకి వస్తాయి?

ఇంకా బాధేమిటంటే, కావలసిన వివరాల్లో చాలావరకు మన ఆఫీసుల్లోనే ఉన్నాయి. ఏ సర్వే నంబరులో ఏ పైరుందో ప్రతి సీజన్‌లో పొలం గట్టున ఫోటో తీసి మరీ రాష్ట్ర ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో ఎక్కిస్తున్నారు. ఆయకట్టు రికార్డు జలవనరుల శాఖ దగ్గరుంది. ఉపగ్రహ పటాలు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో ఉన్నాయి. 2025 జూలైలో మన శ్రీహరికోట నుంచే ఎగిరిన నైసార్ ఉపగ్రహం నేల తేమను మునుపటికంటే చాలా దగ్గరగా చూడగలదు. ఇవన్నీ ఒకచోట చేర్చే బాధ్యత ఎవరిదంటే ఒక్కరూ బదులివ్వరు. సాయిల్ హెల్త్ కార్డు చూడండి, 12 అంశాలు ఉంటాయి. నేల ఎంత లోతుందో, ఎన్ని నీళ్లు పట్టి ఉంచుతుందో మాత్రం ఉండదు. రైతు మొదట అడిగేది అదే. పథకం ప్రారంభానికి మంత్రులొస్తారు, ఫ్లెక్సీలు లేస్తాయి. ఆ తర్వాత పటం సరిగా ఉందా లేదా అని చూసేవాడు ఉండడు. సాగునీటి నుంచి భూముల రీసర్వే దాకా అన్నిటా ఇదే వరస.

మా మండలాల గడుల్లో ఏ నేల, ఏ పైరు, ఏ ఏడాది పటం వాడుతున్నారో వాతావరణ శాఖ బయటపెట్టాలి. ఈ-క్రాప్ వివరాలను రైతుల పేర్లు తీసేసి రాష్ట్ర వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలకు ఇవ్వాలి. సూచన పంపేటప్పుడు మాగాణికి ఒకటి, మెట్టకు ఒకటి పంపాలి. కాలువకు మళ్లీ నీళ్లొదిలేలోగా కనీసం ఈ మూడోదైనా చేయండి.

– ఒక మెట్ట రైతు, పల్నాడు జిల్లా