జనరేటర్ కొనేముందు చేంజ్‌ఓవర్ సంగతి చూడండి

సంపాదకుడికి,

వానాకాలం దగ్గరపడితే నగరంలో అపార్ట్‌మెంట్ సంఘాలు జనరేటర్ కోసం డబ్బులు పోగేయడం మొదలుపెడతాయి. ఎన్ని కేవీఏ, గంటకు డీజిల్ ఎంత, చప్పుడు వస్తుందా అని గట్టిగానే ఆరా తీస్తారు. భవనాన్ని బయటి కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చేందుకు మీటర్ల గదిలో బిగించే చేంజ్‌ఓవర్ స్విచ్ ఎలాంటిదో అడిగేవారు మాత్రం అరుదు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం దానిమీదే ఆధారపడి ఉంది.

ఖర్చు తగ్గుతుందని కొందరు బయటి కరెంటుకు ఒక ఎంసీసీబీ (పెద్ద బ్రేకర్), జనరేటర్‌కు ఇంకో ఎంసీసీబీ పక్కపక్కనే పెట్టి, ఇది దించాకే అది ఎత్తాలని వాచ్‌మన్‌కు చెప్పి వదిలేస్తున్నారు. అర్ధరాత్రి, జోరువాన, లిఫ్టులో ఎవరో ఇరుక్కుని కేకలు వేస్తున్నారు. ఆ కంగారులో అతను మొదటిది దించడం మరిచిపోతే జనరేటర్ కరెంటు వెనక్కి మళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. 11 వేల వోల్టులను 433కు దించే ట్రాన్స్‌ఫార్మరే అప్పుడు ఎదురు పనిచేసి తిరిగి 11 వేలకు పెంచుతుంది.

వీధి లోడంతా మీదపడి జనరేటర్ ఆగిపోతుందిలే అని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. ఆ ధైర్యం పనికిరాదు. భవనానికి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని మీద పడే లోడు ఆ భవనానిది మాత్రమే. జనరేటర్ సునాయాసంగా లాగుతుంది. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్‌ను విడదీసే స్విచ్) తెరిచి, కాలిన ఫ్యూజు తీగ మార్చడానికి చెయ్యి పెట్టే చోటే ఆ 11 వేలు ఉంటాయి.

కాబట్టి రెండు వైపులూ ఒకేసారి కలిసే వీలే లేని, మధ్యలో ఆఫ్ ఉన్న చేంజ్‌ఓవర్ స్విచ్చే బిగించాలి. ఆటోమేటిక్ ప్యానెల్ అయితే కాంటాక్టర్ల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) మధ్య రిలే ఇంటర్‌లాక్‌తో పాటు, ఒకటి కలిసి ఉండగా రెండోది కదలకుండా పట్టి ఉంచే మెకానికల్ ఇంటర్‌లాక్ కూడా అడిగి పెట్టించుకోండి. కాంటాక్టు కాలి అతుక్కుపోయినప్పుడు రిలే ఒక్కటే ఆపలేదు.

స్విచ్ ఫోర్ పోల్, అంటే మూడు ఫేజులతో పాటు న్యూట్రల్‌ను కూడా మార్చేది అయి ఉండాలి. త్రీ పోల్ పెట్టి న్యూట్రల్‌ను ఉమ్మడిగా వదిలేస్తే కరెంటు రెండు ఎర్తుల గుండా దారి చూసుకుంటుంది, ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే సరఫరా ఆపే బ్రేకర్లు) కారణం లేకుండా పడిపోతుంటాయి. ఫోర్ పోల్‌లో న్యూట్రల్ కాంటాక్టు ఫేజుల కంటే ముందు కలవాలి, వాటి తర్వాతే విడిపోవాలి. అక్కడ ఒక్క స్క్రూ వదులైనా చాలు, తక్కువ లోడున్న ఫ్లాట్‌లో వోల్టేజీ 230 నుంచి 300 దాటిపోయి టీవీలు, ఫ్రిజ్‌లు మాడిపోతాయి. జనరేటర్ న్యూట్రల్‌కు రెండు, బాడీకి రెండు ఎర్త్ గుంతలు విడివిడిగా తవ్వించాలి.

ఫేజుల వరస కూడా చూసుకోవాలి. జనరేటర్ వైపు వరస తారుమారైతే బోరు మోటారు వెనక్కి తిరిగి నీళ్లు సరిగా ఎక్కవు, లిఫ్టు కదలనే కదలదు. రెండు తీగలు మార్చితే పోయే సమస్యకు మోటారు విప్పించి పైకి తీయించే సంఘాలున్నాయి. బోరు నేరుగా స్టార్ట్ అయ్యేదైతే తొలి క్షణంలో ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. లిఫ్టుతో పాటే అది అందుకోకుండా టైమర్ పెట్టించాలి.

జనరేటర్‌ను సెల్లార్‌లో పెట్టకండి. పొగ పైకి వస్తుంది, 2020 అక్టోబరు వరదలో సెల్లార్లు ఎలా మునిగాయో నగరమంతా చూసింది.

బిగించిన రోజే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత ఒక పరీక్ష చేయించండి. బయటి సరఫరా ఆపి, జనరేటర్ నడిపి, మీటర్ల వైపు నుంచి వచ్చే కేబుల్‌పై మూడు ఫేజుల్లోనూ వోల్టేజీ కొలవాలి. సున్నా రావాలి. రాకపోతే ఆ క్షణమే జనరేటర్ ఆపేయాలి.

డిస్కం అధికారులను, విద్యుత్ తనిఖీ విభాగాన్ని కోరేది ఇదే. జనరేటర్ ఉన్న ప్రతి అపార్ట్‌మెంట్‌లో వానలకు ముందే చేంజ్‌ఓవర్ తనిఖీ చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెపై ‘ఈ భవనంలో జనరేటర్ ఉంది’ అని ఎర్ర అక్షరాలతో రాయించండి. ఏబీ స్విచ్ తెరిచాక కూడా వోల్టేజీ లేదని పరీక్షించి, రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించకుండా ఏ లైన్‌మన్‌నూ ఫ్యూజు ముట్టనివ్వకండి.

– ఒక ఎలక్ట్రికల్ ఇంజినీర్, నల్లకుంట, హైదరాబాద్