పెద్దపేగు కేన్సర్‌కు నానో మందు: ఇంకో పరిశోధన భవనం కాదు, పది లీటర్ల స్టెరైల్ లైన్ ఇవ్వండి
రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఔషధ తయారీ, ఆస్పత్రి ఫార్మసీ, కేన్సర్ వైద్యం రంగాల్లో విశాఖలో పనిచేస్తున్న మేము కలిసి ఈ లేఖ రాస్తున్నాం. నానో మందుల (మందును కంటికి కనిపించని అతి చిన్న రేణువుల్లో పెట్టి ఇచ్చేవి) పరిశోధనకు ప్రభుత్వం డబ్బు పెట్టాలనే మేమూ కోరుకుంటున్నాం. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్నదే మా విన్నపం. ప్రయోగశాలలో ఇరవై మిల్లీలీటర్లు తయారైన మందును ఐదు, పది లీటర్ల బ్యాచ్‌గా, మనిషి నరంలోకి ఎక్కించగలిగేంత శుభ్రంగా చేసే చోటు కావాలి. ఆంధ్రా యూనివర్సిటీ ప్రయోగశాలకూ పరవాడ ఫార్మా సిటీ కర్మాగారాలకూ మధ్య ఉండాల్సిన మెట్టు అది. ఆ మెట్టు లేకపోతే ఎన్ని పీహెచ్‌డీలు వచ్చినా రోగి మంచం దాకా ఒక్క సీసా కూడా రాదు.

పెద్దపేగు, మలాశయ కేన్సర్‌కు ఇవాళ వాడుతున్నవి 5-ఎఫ్‌యూ, ల్యూకోవొరిన్, ఆక్సాలిప్లాటిన్, ఇరినోటికాన్, క్యాపెసిటబిన్ వంటి మందులే. 5-ఎఫ్‌యూ రక్తంలో సగానికి తగ్గడానికి ఎనిమిది నుంచి ఇరవై నిమిషాలు చాలు. అందుకే 5-ఎఫ్‌యూ, ల్యూకోవొరిన్, ఆక్సాలిప్లాటిన్ కలిపి ఇచ్చే ఫాల్‌ఫాక్స్ పద్ధతిలో శరీర వైశాల్యం చదరపు మీటరుకు 2,400 మిల్లీగ్రాముల మందును 46 గంటల పాటు ఆపకుండా ఎక్కిస్తారు. రెండు వారాలకోసారి అదే తంతు. పాడేరు ఘాట్ దిగి వచ్చిన రోగి రెండు రాత్రులు ఆస్పత్రిలో ఉండాలి, లేదా మెడలో పంపు తగిలించుకుని ఇంటికి వెళ్లాలి. నానో రేణువు ఈ బాధ తప్పిస్తుందని చాలా వ్యాసాల్లో రాస్తారు. అయితే మింగాక ఒంట్లో 5-ఎఫ్‌యూగా మారే క్యాపెసిటబిన్ మాత్ర ఆ పని ఇప్పటికే చాలావరకు చేస్తోంది. కొత్త నానో మందు ఏదైనా ఆ మాత్రతో పోటీపడి నెగ్గాలి. ఉత్త సెలైన్ ఇచ్చిన ఎలుకతో పోల్చి గెలిచామంటే సరిపోదు.

ఎలుక లెక్క మీ సలహాదారులకు తప్పక తెలియాలి. ఇరవై గ్రాముల ఎలుక చర్మం కింద ఒక గ్రాము గడ్డ పెంచుతారు. అంటే ఒంటి బరువులో ఇరవయ్యో వంతు. అదే లెక్కన అరవై కిలోల మనిషికి మూడు కిలోల గడ్డ ఉండాలి. అంత వేగంగా పెరిగిన గడ్డలో రక్తనాళాల గోడలు సరిగ్గా కట్టుకోక సందులు పడతాయి. పెద్ద ప్రోటీన్ అణువులు ఆ సందుల్లోంచి గడ్డలోకి దిగి నిలుస్తాయని 1986లో జపాన్‌ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా చూపించారు. నానో రేణువుల మీద ఆశ అక్కడి నుంచే పుట్టింది. మనిషిలో నెమ్మదిగా పెరిగే పేగు గడ్డలో సందులు అలా తెరుచుకుని ఉండవు. 2016లో ఒక సమీక్ష అంతకు ముందు పదేళ్ల ప్రయోగాలన్నీ కూడి చూస్తే, ఎక్కించిన మందులో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. అదీ జంతువుల్లోనే.

పేగు కేన్సర్‌కు ఇంకో చిక్కుంది. ఇది సాధారణంగా పేగుల రక్తాన్ని కాలేయానికి చేర్చే పోర్టల్ సిర దారిలో ముందు కాలేయానికి పాకుతుంది. నానో రేణువులూ ఎక్కువగా కాలేయానికే చేరతాయి కాబట్టి అక్కడి గడ్డలకు మందు బాగా అందుతుందని అనిపిస్తుంది. కానీ కాలేయంలో వాటిని పట్టి మింగేవి గడ్డ కణాలు కావు, రక్తాన్ని వడకట్టే కుప్ఫర్ కణాలు. స్కానులో కాలేయమంతా వెలిగినంత మాత్రాన గడ్డకు మందు అందినట్టు కాదు. ప్రాజెక్టు నివేదికలో అలాంటి బొమ్మ పెడితే, గడ్డ ముక్క కోసి అందులో మందు ఎంతుందో కొలిచారా అని తప్పక అడగండి.

నోటి ద్వారా ఇచ్చే మందు సంగతి వేరు. గోరుచిక్కుడు గింజల జిగురుతో 5-ఎఫ్‌యూ మాత్ర చేసి, కడుపులో కాకుండా పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఆ జిగురును తిన్నాకే మందు విడుదలయ్యేలా చేసే పని 2000ల మొదట్లో మన ఆంధ్రా యూనివర్సిటీలోనే జరిగింది, అంతర్జాతీయ పత్రికల్లో అచ్చయింది. పీహెచ్ 7 దాటితేనే కరిగే యూడ్రాజిట్ ఎస్-100 పూతతో నానో రేణువులను పెద్దపేగు దాకా చేర్చడం కూడా ఇదే దారిలోది. ఈ పని మీద మాకు గౌరవం ఉంది, దాని పరిధి కూడా తెలుసు. తొలి దశ గడ్డను సర్జన్ కోసి తీసేస్తారు. కీమో ఎక్కువగా అవసరమయ్యేది లింఫ్ గ్రంథులకో, కాలేయానికో పాకిన వాళ్లకు. పేగు లోపలి గోడకు మాత్రమే తగిలే మందు అక్కడిదాకా వెళ్లదు. మలాశయం గడ్డకు ఆపరేషన్‌కు ముందు ఇచ్చే చికిత్సలోనో, పాలిప్స్ (పేగు గోడపై పెరిగే బుడిపెలు) మళ్లీ రాకుండా చూడటంలోనో దాన్ని పరీక్షించవచ్చు. కేన్సర్ మొత్తానికి జవాబు అన్నట్టు చూపిస్తే మాత్రం ఒప్పుకోకండి.

ఇక బ్యాచ్ దగ్గరికి వస్తాం. విద్యార్థి పీఎల్‌జీఏ అనే పాలిమర్‌ను డైక్లోరోమీథేన్ అనే ద్రావకంలో కరిగించి, రేణువులు అతుక్కోకుండా చూసే పీవీఏ కలిపిన నీళ్లలో పోసి, ధ్వని కంపనాలతో చిలికే సోనికేటర్ కడ్డీ ముంచి రెండు నిమిషాలు నడిపితే 180 నానోమీటర్ల (మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు) రేణువులు వస్తాయి. అదే కడ్డీతో ఐదు లీటర్లు చేయబోతే కడ్డీ దగ్గర వేడెక్కుతుంది, దూరంగా ఉన్నది కదలదు, కడ్డీ అరిగి టైటానియం రజను మందులో పడుతుంది. కప్పు మజ్జిగ చిలికే కవ్వంతో బానెడు చిలకలేం. పైగా 5-ఎఫ్‌యూ నీళ్లలో కరిగే మందు కావడంతో రేణువు గట్టిపడేలోపే సగానికి సగం బయటి నీళ్లలోకి కారిపోతుంది. శుద్ధి చేయడం అంతకన్నా కష్టం. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలకు పెడితే పీఎల్‌జీఏ మెత్తబడి ముద్దవుతుంది. గామా కిరణాలు పాలిమర్ గొలుసులను తెంచేస్తాయి. 0.22 మైక్రాన్ (220 నానోమీటర్ల) ఫిల్టరులో 180 నానోమీటర్ల రేణువులు ఇరుక్కుని కాసేపటికే ధార ఆగిపోతుంది. చివరికి మొదటి నుంచీ సూక్ష్మజీవులు చొరబడని గదిలోనే తయారు చేయడం ఒక్కటే మార్గం. ట్రెహలోజ్ అనే ఒక రకం చక్కెరో, మామూలు చక్కెరో చాలినంత కలపకుండా ఫ్రీజ్ డ్రై చేస్తే పొడి చూడటానికి బాగుంటుంది, నీళ్లు పోయగానే గడ్డకడుతుంది.

అందుకే మేం అడిగే లైన్‌లో ఉండాల్సినవి చెబుతున్నాం: సన్నని గొట్టాల్లో ద్రవాలను కలిపే మైక్రోఫ్లూయిడిక్ మిక్సరు లేదా అధిక పీడన హోమోజనైజరు, ద్రావకాన్ని, రేణువుల్లోకి చేరని మందును కడిగేసే టాంజెన్షియల్ ఫ్లో ఫిల్ట్రేషన్ యూనిట్, స్టెరైల్ ఫిల్టర్లు, సీసాలు నింపే ఐసోలేటరు (గాలి చొరబడని మూసిన పెట్టె), ఫ్రీజ్ డ్రయరు, ఇంజెక్షన్ నీటి ప్లాంటు. డిజైన్‌లో ఎక్కువగా పొరపాటు జరిగేది గాలి పీడనం దగ్గర. స్టెరైల్ గదిలో పీడనం బయటికంటే ఎక్కువ ఉండాలి, దుమ్ము లోపలికి రాకుండా. కేన్సర్ మందు గదిలో తక్కువ ఉండాలి, విషం బయటికి పోకుండా. ఈ రెండూ ఒకే గదిలో కుదరవు కాబట్టి మూసి ఉన్న ఐసోలేటరు, దాని చుట్టూ ఎయిర్‌లాకులు మొదటి డ్రాయింగులోనే ఉండాలి. గది కట్టాక పెడతామంటే గోడలు పగలగొట్టాలి.

పరీక్షల గదికి రేణువుల సైజు కొలిచే డీఎల్‌ఎస్, మందు ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ, మిగిలిన ద్రావకం కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ కావాలి. డైక్లోరోమీథేన్ 600 పీపీఎం (పది లక్షల్లో 600 భాగాలు) దాటకూడదు. ఎండోటాక్సిన్ (బాక్టీరియా నుంచి వచ్చే విషం) పరీక్షలో జాగ్రత్త వహించాలి. నానో ద్రవం మబ్బుగా ఉండి కాంతిని చెదరగొడుతుంది, రంగుతో కొలిచే పద్ధతి తప్పు అంకె చూపుతుంది. ప్రతి బ్యాచ్‌ నమూనాలో తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్ కలిపి అది తిరిగి కనిపిస్తోందో లేదో చూసుకోవాలి.

మొదటి మందుగా ఏది చేయాలని అడిగితే, కొత్తది వద్దు, లైపోసోమల్ ఇరినోటికాన్ (కొవ్వు బుడగల్లో పెట్టిన ఇరినోటికాన్) అంటాం. అమెరికాలో 2015 అక్టోబరులో క్లోమ కేన్సర్‌కు అనుమతి పొందింది. పేగు కేన్సర్‌కు అక్కడ అనుమతి లేదు, కాబట్టి మన దగ్గర క్లినికల్ ట్రయల్‌గానే ఇవ్వాలి. డీఎస్‌పీసీ అనే కొవ్వు, కొలెస్టరాల్, పెగ్ అనే పాలిమర్ తగిలించిన కొవ్వు కొద్దిగా కలిపి సుమారు 110 నానోమీటర్ల బుడగలు చేస్తారు. లోపల సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ లవణం ఉంటుంది. బయటి లవణం కడిగేసి, ఆ కొవ్వు సడలే 55 డిగ్రీలకు పైన వేడిలో ఇరినోటికాన్ కలిపితే మందు తానే లోపలికి వెళ్లి లవణంతో గట్టిపడుతుంది. ఆ తర్వాత వెంటనే చల్లబరచాలి. బయటి లవణం సరిగ్గా కడగకపోతే మందు లోపలికి ఎక్కదు. మందు ఎక్కని బ్యాచ్‌లు వస్తే ముందు ఈ మెట్టునే అనుమానించాలి. తయారైనది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మే నెల విశాఖ ఎండలో కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఉంచిన సీసా మరి పనికిరాదు.

ఇది మన దేశానికి చేతకాని పని కాదు. అమెరికాలో లైపోసోమల్ డాక్సోరూబిసిన్ అనే కేన్సర్ మందుకు కొరత వచ్చినప్పుడు 2012లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మన దేశపు సన్ ఫార్మా వారి అదే రకం మందు లిపోడాక్స్‌ను దిగుమతి చేసుకోనిచ్చింది.

ట్రయల్‌కు అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి, కేజీహెచ్ ఉన్నాయి. 2019 న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం కొత్త డెలివరీ పద్ధతిలో వచ్చే పాత మందు కూడా కొత్త మందే. అదే ఏడాది కేంద్రం నానో ఫార్మాస్యూటికల్స్‌కు ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసింది. రెండూ మొదటి రోజు నుంచే పాటిస్తే తర్వాత ఫైలు వెనక్కి రాదు.

వార్డులో ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. మామూలు ఇరినోటికాన్ ఫాల్‌ఫిరిలో (ఫాల్‌ఫాక్స్‌లో ఆక్సాలిప్లాటిన్ బదులు ఇరినోటికాన్ ఇచ్చే పద్ధతి) చదరపు మీటరుకు 180 మిల్లీగ్రాములు, లైపోసోమల్‌ది 70. ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. సీసా మూత రంగు, కంప్యూటరులో పేరు, అలమరా వేరువేరుగా ఉండాలని ఉత్తర్వు ఇవ్వండి. లైపోసోమల్ మందు గొట్టంలో ఇన్‌లైన్ ఫిల్టరు పెట్టకూడదు. ఇప్పుడు వాడుతున్న మందుల్లోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. ఆక్సాలిప్లాటిన్‌ను మామూలు సెలైన్‌లో కలిపితే క్లోరైడ్ వల్ల చెడిపోతుంది, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. ఇరినోటికాన్ ఎక్కించుకుని ఇంటికెళ్లిన రోగికి రోజుల తర్వాత విరేచనాలు మొదలవుతాయి. లోపరమైడ్ మొదట 4 మిల్లీగ్రాములు, ఆపై ప్రతి రెండు గంటలకు 2 మిల్లీగ్రాములు వేసుకోవాలని తెలుగులో అచ్చువేసిన చీటీ, మాత్రల స్ట్రిప్పు డిశ్చార్జి సంచిలోనే పెట్టాలి. ఇరినోటికాన్‌ను ఒంట్లోంచి తొలగించడానికి తోడ్పడే యూజీటీ1ఏ1 జన్యువులో తేడా ఉన్నవాళ్లలో ఇరినోటికాన్, 5-ఎఫ్‌యూను విరిచే డీపీడీ ఎంజైము లోపం ఉన్నవాళ్లలో 5-ఎఫ్‌యూ చాలా ఎక్కువ విషమవుతాయి. కీమో మొదలుపెట్టే ముందు ఈ రెండు రక్త పరీక్షలనూ ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీలోకి తీసుకోండి. నానో మందు వచ్చేదాకా ఆగాల్సిన పని కాదిది, ఈ ఏడాదే చేయొచ్చు.

చివరిగా, నానో పసుపు, నానో బంగారు భస్మం పేరుతో కేన్సర్ తగ్గుతుందని ఫోన్లలో, కరపత్రాల్లో వచ్చే ప్రకటనలు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలులో కేన్సర్ ఉంది. అలాంటి ప్రకటనే నేరం. మలంలో రక్తం పడితే మొలలనుకుని నెలలు గడిపేవాళ్లు, ఆ తర్వాత ఈ పొడులతో ఇంకొన్ని నెలలు పోగొట్టుకుంటున్నారు. ఔషధ నియంత్రణ అధికారులు కేసులు పెట్టేలా ఆదేశించండి. రక్తం పడుతున్న ప్రతి రోగికీ మొలల మందు రాసే ముందు వేలితో మలాశయ పరీక్ష చేయాలని, నలభై ఐదేళ్లు దాటిన వాళ్లను కొలనోస్కోపీకి పంపాలని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సర్క్యులర్ ఇవ్వండి. లైన్ డ్రాయింగులు, పరికరాల స్పెసిఫికేషన్లు, ట్రయల్ ముసాయిదా మేమే సిద్ధం చేసి ఇస్తాం. మీ శాఖ నుంచి ఒక సాంకేతిక అధికారిని కేటాయిస్తే చాలు.

భవదీయులు,
విశాఖపట్నం ఔషధ శాస్త్ర అధ్యాపకులు, ఆస్పత్రి ఫార్మసిస్టులు, కేన్సర్ వైద్యులు కొందరు