అల్లుడి రిపోర్టు గురించి

అమ్మలూ,

ఫోన్‌లో నువ్వు అంత కోపంగా ఉన్నప్పుడు ఏం చెప్పినా తలకెక్కదని ఊరుకున్నాను. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

అల్లుడి షుగర్ రిపోర్టు చూశాను. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చెప్పే HbA1c 6.2 ఉంది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ఇంకా షుగర్ జబ్బు కిందికి రాదు, కానీ పట్టించుకోకపోతే వచ్చేస్తుంది. నన్ను బాధపెట్టింది ఆ అంకె కాదు, “తనకి తిండి మీద అదుపు లేదమ్మా” అని నువ్వన్న మాట.

తను భోంచేసేటప్పుడు ఎప్పుడైనా గమనించావా? తల ఎత్తడు. పక్కవాళ్లు సగంలో ఉండగానే కంచం ఖాళీ చేసేస్తాడు, ఆలస్యమైతే ఎవరో లాక్కుంటారన్నట్టు. చిన్నప్పుడే తల్లి పోయి, ఇవాళ ఒకరింట్లో రేపు ఒకరింట్లో పెరిగిన పిల్లాడు. ఎవరు ఎప్పుడు విసుక్కుంటారో అని చెవులు రిక్కించుకుని బతికాడు. అన్నేళ్ల భయం మనసుతోపాటు ఒంటి మీద కూడా పనిచేస్తుంది.

భయం వేసినప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. పారిపోవడానికో తిరగబడటానికో శక్తి కావాలి కదా, అందుకని అది లివర్ చేత రక్తంలోకి చక్కెర వదిలిస్తుంది, రక్తంలో చక్కెరను తగ్గించే ఇన్సులిన్ పని సాగనివ్వదు. గండం గడిచాక తగ్గిపోతే ఇబ్బంది లేదు. ఎదిగే వయసులో ఆ టెన్షన్ ఏళ్ల తరబడి సాగితే మాత్రం ఆ ఏర్పాటంతా పిడి అరిగిపోయిన పొయ్యిలా తయారవుతుంది. కొందరిలో చిన్న మాటకే భగ్గుమంటుంది, కొందరిలో కావాల్సినప్పుడు కూడా సరిగా వెలగదు. క్రమంగా కొవ్వు పొట్టలో చేరుతుంది. అక్కడి కొవ్వు ఊరికే ఉండదు, వాపు కలిగించే పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. దాంతో ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం ఇంకా తగ్గుతుంది. పైగా తీపి, నూనె వస్తువులు తింటే కాసేపు మనసు నిజంగానే కుదుటపడుతుంది. చిన్నప్పుడు ఆ ఓదార్పు తప్ప ఇంకోటి దొరకనివాణ్ణి ఇప్పుడు ఉన్నపళాన మానెయ్యమంటే ఎలా?

అల్లుణ్ణి వెనకేసుకు రావడానికి కల్పించి చెప్తున్నాననుకోకు. 1980ల్లో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టర్ బరువు తగ్గించే క్లినిక్ నడిపేవాడు. బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తుంటే ఆయనకి అంతుపట్టలేదు. కూర్చోబెట్టి అడిగితే చాలామంది చిన్నప్పుడు పడ్డ హింస బయటికొచ్చింది. తర్వాత రాబర్ట్ ఆండా అనే ఇంకో డాక్టర్‌తో కలిసి తొమ్మిది వేలమందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగి, 1998లో ఫలితాలు ప్రచురించాడు. నాలుగు రకాలు, అంతకన్నా ఎక్కువ కష్టాలు చూసినవాళ్లలో తీవ్రమైన ఊబకాయం, ఏ కష్టమూ ఎరగనివాళ్ల కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ కనిపించింది. ఒకటిన్నర రెట్లే సుమా! కష్టపడ్డ ప్రతి పిల్లాడికీ జబ్బు రాసిపెట్టి ఉందని కాదు. నర్సుగా అలా పెరిగి నిక్షేపంగా ఉన్నవాళ్లనీ చూశాను.

ఇప్పుడు నువ్వు చేస్తున్నదేంటి? తను ఎన్నిసార్లు వడ్డించుకున్నాడో లెక్కపెట్టడం, పదిమందిలో అనడం. నువ్వు పడుకున్నాక వంటింట్లో నిలబడి తింటున్నాడని నువ్వే చెప్పావు. మళ్లీ పరాయి ఇంట్లో ఉన్నట్టు చేసేశావు కదే! ఆ పని మాత్రం ఇవాళే మానెయ్యి.

దీనికి దారి లేకపోలేదు. తనలాగే అంచున ఉన్న మూడు వేలమందికి పైగా మనుషుల మీద అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం 2002లో వచ్చింది. 7 శాతం బరువు తగ్గాలి, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి అని పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. కాబట్టి నడవమని చెప్పడం కాదు, నువ్వూ కూడా వెళ్లు. నడిచేటప్పుడు తిండి ఊసు ఎత్తకు.

నిద్ర సంగతి కూడా చూడు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లనే ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, ఒళ్లు చక్కెరను వాడుకోవడం మందగించిందని 1999లోనే తేల్చారు. తనకి చిన్న చప్పుడైనా మెలకువ వచ్చేస్తుందన్నావు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ముక్క, చిన్నప్పటి సంగతి కూడా చెప్పమను. కౌన్సెలింగ్‌కి వెళ్లమంటే సిగ్గుపడాల్సిందేం లేదు. అలా అని నువ్వు గుచ్చిగుచ్చి అడగకు. చెప్తే విను, చెప్పకపోతే వదిలెయ్యి.

మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయించండి. బీపీ, కొలెస్ట్రాల్, నడుం కొలత కూడా చూడమనండి. అదే రోజు పరగడుపున నీ షుగర్ పరీక్షకి రక్తం కూడా ఇచ్చెయ్. మీ నాన్నగారికి షుగర్ ఉంది, నువ్వు ఇంతవరకు ఒక్కసారీ చూపించుకోలేదు.

అమ్మ