గ్రీసు ఓటరుకు చెప్పని మాట

సంపాదకులు గారికి,

గ్రీసులో వామపక్ష సిరిజా పార్టీ ప్రభుత్వం 2015లో యూరో దేశాలు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) వంటి రుణదాతలతో కుదుర్చుకున్న ఒప్పందాన్ని గత్యంతరం లేని రాజీగా సమర్థిస్తూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ ఏడాది ఫిబ్రవరిలో జరిగినదాన్నీ జూలైలో జరిగినదాన్నీ వ్యాసకర్త ఒకే గాట కట్టడం సరికాదు.

ఫిబ్రవరి 20న పాత రుణ ఒప్పందాన్ని నాలుగు నెలలు పొడిగించుకున్నప్పుడే, యువకుడిగా అక్రోపోలిస్ మీది నాజీ జెండాను దించిన మనోలిస్ గ్లెజోస్, తాను ఆ పార్టీవాడై ఉండి కూడా, రుణదాతల షరతులు తొలగిపోతాయన్న ఈ భ్రమలో పాలుపంచుకున్నందుకు ప్రజలను క్షమాపణ కోరారు. ఆయన పట్ల ఎంత గౌరవం ఉన్నా ఆ పొడిగింపును ద్రోహమని నేను అనలేను. ప్రభుత్వం ఏర్పడి నెలైనా నిండకముందే, బ్యాంకులకిచ్చే అప్పులకు గ్రీసు ప్రభుత్వ బాండ్లను ఇకపై తాకట్టుగా తీసుకోబోమని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ప్రకటించింది. డిపాజిట్లు బ్యాంకుల నుంచి తరలిపోతున్నాయి. అప్పుడు గడువు కోరడం తప్పు కాదు.

జూలై సంగతి వేరు. బ్యాంకులు మూతపడి, రోజుకు 60 యూరోలకు మించి చేతికి రాని స్థితిలోనూ, జూలై 5న ప్రజాభిప్రాయ సేకరణలో 61 శాతం మంది రుణదాతల షరతులు వద్దన్నారు. ఎనిమిది రోజులు తిరగకుండానే ప్రధాని సిప్రాస్ అంతకంటే కఠినమైన షరతులకు తలవంచారు. పింఛన్లలో కోత, వ్యాట్ పెంపు, 5,000 కోట్ల యూరోల లక్ష్యంతో ప్రభుత్వ ఆస్తుల అమ్మకం అందులో ఉన్నాయి. రుణభారం తగ్గించకపోతే గ్రీసు నిలదొక్కుకోలేదని ఐఎంఎఫ్ విశ్లేషణే చెబుతున్నా, అసలులో కోత ఉండదని ఆ ఒప్పందంలోనే రాయించారు. సొంత సభ్యులు 32 మంది వ్యతిరేకిస్తే, ప్రతిపక్షాల ఓట్లతో బిల్లును గట్టెక్కించారు.

సెప్టెంబరులో ప్రజలు మళ్లీ ఆయననే గెలిపించారు కదా అని వ్యాసకర్త అంటున్నారు. నిజమే, కానీ జనవరిలో 63 శాతం దాటిన పోలింగ్ అప్పటికి 57 శాతం లోపుకు పడిపోయింది. అప్పటికే సంతకాలు అయిపోయినందున, ఆ షరతులను ఎవరు అమలుచేయాలన్నదే ఓటరుకు మిగిలిన ఎంపిక.

యూరోలోనే ఉంటాం, ప్రభుత్వ ఖర్చుల్లో కోత పెట్టే పొదుపు చర్యలను రద్దు చేస్తాం అని సిరిజా ఎన్నికల్లో చెప్పింది. రుణదాతలు మొండికేస్తే ఈ రెండింటిలో దేన్ని వదులుకుంటారో జనవరిలోనే, కనీసం జూలై 5కు ముందైనా, ఓటరుకు చెప్పి ఉండాల్సింది. అది చెప్పకుండా ప్రజల చేత "వద్దు" అనిపించి, ఆ మాటను పక్కన పెట్టడాన్నే నేను ద్రోహం అంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ