విదేశీ చదువుకు మార్కులొక్కటే కొలత కాదు

సంపాదకులకు నమస్కారం.

విదేశీ చదువు అనగానే ఖర్చెంత, ఉద్యోగం వస్తుందా అనే అడుగుతారు. విద్యార్థి మనిషిగా ఎంత ఎదిగాడని ఎవరూ అడగరు. ఐరోపాలో 1987లో 11 దేశాలతో మొదలైన ఎరాస్మస్ పథకం విద్యార్థులను కొన్ని నెలలపాటు మరో దేశంలో చదివిస్తోంది. ఆ నెలల్లో నేర్చుకునేది మార్కుల జాబితాలో కనిపించదు. అద్దె ఒప్పందం తానే చదివి సంతకం చేయాలి. జ్వరమొస్తే పరాయి భాషలో డాక్టరుకు చెప్పుకోవాలి. అధ్యాపకుడితో విభేదించడం అమర్యాద కాదని, చాలాచోట్ల దాన్నే ఆశిస్తారని తెలిసేసరికి సగం సెమిస్టరు గడిచిపోతుంది. మొదటి వారాల ఒంటరితనం మాత్రం చాలా బాధిస్తుంది. దాన్ని బలహీనత అనడం అన్యాయం.

కళాశాలలు ప్రయాణానికి ముందు వీసా కాగితాలతో పాటు దీని గురించీ చెప్పాలి. వెళ్లి వచ్చినవారి చేతనే చెప్పిస్తే మరీ మంచిది.

– ఒక పాఠకురాలు