ట్యాలీ వరకే కావలసినవారికి ఇక ట్యాలీ వరకే

మా సర్వర్‌పై ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పద్దులు రాసుకుంటున్న ఖాతాదారులకు నమస్కారం. జనవరి 23 రాత్రి నుంచి మీరు లాగిన్ అయ్యే పద్ధతి మారుతోంది. నెలవారీ జీఎస్టీ రిటర్ను 3బీ గడువు 20న, మూడు నెలలకోసారి వేసేవారిది మన రాష్ట్రంలో 22న. ఈలోగా మార్పు చేసి మీ అకౌంటెంట్ల చేత తిట్లు తినే ధైర్యం మాకు లేదు. ప్రభుత్వం గడువు పొడిగిస్తే మా తేదీ కూడా వాయిదా పడుతుంది.

ఇంతవరకు అందరికీ విండోస్ డెస్క్‌టాప్ మొత్తం తెరుచుకునేది. బిల్లులు కొట్టే కుర్రాడికి అదంతా దేనికి? ఇకపై బ్రౌజర్‌లో పోర్టల్ తెరిస్తే అతనికి కేటాయించిన యాప్‌లే కనిపిస్తాయి. ట్యాలీపై నొక్కితే సొంత కంప్యూటర్‌లో ఉన్నట్టే తెరుచుకుంటుంది. నడిచేది మా సర్వర్‌లో. మధ్యలో నెట్ పోయినా సగం రాసిన వోచర్ (లెక్కల పద్దు) అరగంట వరకు అలాగే ఉంటుంది. రోజంతా పది ఫోల్డర్లు తిరగేసే ఆడిటర్లకు పూర్తి డెస్క్‌టాప్ కొనసాగుతుంది.

యజమానులకు అడ్మిన్ పేజీ ఇస్తున్నాం. ఎవరికి ఏ యాప్ ఇవ్వాలో పేరు పక్కన టిక్కు పెడితే సరి. పని మానేసిన గుమస్తాను ఆ సాయంత్రమే మీరే ఆపేయవచ్చు, మాకు ఫోను చేయనక్కర్లేదు. అయితే టిక్కు తీసినంత మాత్రాన అప్పటికే లోపల ఉన్న మనిషి బయటికి రాడు. పక్కనే ఉన్న ‘సెషన్ ముగించు’ కూడా నొక్కాలి.

ఒకే పాస్‌వర్డుతో నలుగురు పనిచేయడం ఇక కుదరదు. మేము తీసుకునే మైక్రోసాఫ్ట్ లైసెన్సు మనిషికొకటి. పైగా వోచర్ దిద్దింది ఎవరో తేలక దుకాణాల్లో పడే తగువులు మాకు కొత్త కాదు. ఇందువల్ల కొందరి నెలవారీ బిల్లు పెరుగుతుంది, దాచడం లేదు.

డిజిటల్ సంతకం కోసం కంప్యూటర్‌కు గుచ్చే యూఎస్‌బీ టోకెన్లు సర్వర్‌లో నమ్మకంగా పనిచేయడం లేదు. సంతకం మీ కంప్యూటర్‌లోనే చేసుకోండి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో అక్షరాలు గడి దాటి పక్కకు జరుగుతున్నాయి. ముందే అచ్చువేయించిన బిల్లు కాగితం వాడేవారు ఈ వారమే ఒక నమూనా కొట్టి మాకు పంపండి, సరిచేస్తాం.

మీ తెరపై ఉన్న పాత రిమోట్ డెస్క్‌టాప్ గుర్తు 23 తర్వాత తెరుచుకోదు. అది వాడే 3389 పోర్టుపై (సర్వర్‌లోకి వచ్చే దారిపై) పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు దాడి చేస్తూనే ఉంటాయి, అందుకే మూసేస్తున్నాం. కొత్త లింకు, ఫోనుకు వచ్చే కోడ్ వివరాలు ఒక్కొక్కరికీ విడిగా పంపుతాం.