విషయం: బారువ దగ్గర నడిదారిలో మా కుటుంబాన్ని వదిలేసినందుకు ఫిర్యాదు, అద్దె వాపసు కోసం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నవంబరు 14 నుంచి 17 వరకు మీ దగ్గర పైకప్పు మీద టెంటు ఉండే క్యాంపర్ వ్యాన్ అద్దెకి తీసుకున్నాం. నేను, నా భార్య, ఆరేళ్ల పాప, 67 ఏళ్ల మా అమ్మ. అద్దె 18,000 రూపాయలు, డిపాజిట్ 10,000 ముందే కట్టాం. విజయనగరం నుంచి బయలుదేరి శ్రీకాకుళం జిల్లాలోని శాలిహుండం, కళింగపట్నం, తేలినీలాపురం, భావనపాడు చూసుకుంటూ బారువ వరకు వెళ్లాలన్నది మా ప్లాన్. బుకింగ్ రోజున ఈ ఊళ్ల పేర్లన్నీ మీ మనిషికి చెప్పాను. 'ఎక్కడికైనా వెళ్లండి సార్, 24 గంటలూ మా సపోర్ట్ ఉంటుంది' అన్నారు.

మొదటి రోజు ఏ ఇబ్బందీ లేదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడి కింద వంశధారని చూశాం. ఆ నది సముద్రంలో కలిసే కళింగపట్నంలో ఆ రాత్రి హాయిగా నిద్రపోయాం. మర్నాడు తేలినీలాపురంలో చెట్ల మీది గూడబాతులని వదిలి రానని పాప మారాం చేసింది.

ఆ రాత్రే భావనపాడులో వాన పట్టుకుంది. పెద్ద వానేమీ కాదు. కానీ టెంటు కుట్ల మీద అతికించిన టేపు ఊడి వేలాడుతోంది, ఆ సందులోంచి నీళ్లు సరిగ్గా పాప తల మీద పడ్డాయి. నలుగురం వ్యాన్ సీట్లలో కూర్చుని తెల్లవార్లూ జాగారం చేశాం. ఇది ఒక్కటే అయితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు.

మూడో రోజు సాయంత్రం బారువకి ఇవతల, కొబ్బరి తోటల మధ్య మట్టిదారిలో వెనక చక్రం పంక్చరైంది. స్టెప్నీ దింపాను. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. వాల్వుకి మూత లేదు, గాలి పోయి ఎన్నాళ్లయిందో! టూల్ బ్యాగులో జాకీ ఉంది, దాన్ని తిప్పే రాడ్డు లేదు. వ్యాన్ ఇచ్చేటప్పుడు చెక్ లిస్టులో ఈ రెండిటి ఎదురుగా టిక్కులు పెట్టి నా చేత సంతకం చేయించుకున్నారు. విప్పి చూపించమని అడగకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. చూడకుండా టిక్కు పెట్టడం మాత్రం మీ తప్పు.

మీ హెల్ప్‌లైన్‌కి ఐదుసార్లు ఫోన్ చేశాను. ఐదోసారి ఎత్తిన అమ్మాయి లొకేషన్ పంపమంది. పంపాక, 'అది రిమోట్ ఏరియా సార్, మా సర్వీస్ అక్కడికి రాదు' అని పెట్టేసింది. అప్పటికి చీకటి పడింది. మా అమ్మ బీపీ మనిషి, టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. పాప ఏడుపు.

మీ ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉన్న మాట 'మారుమూల తీరంలో మీ కుటుంబంతో' అనే కదా? ఆ మారుమూలనే చూపించి మా దగ్గర డబ్బు తీసుకున్నారు. ఆపద వచ్చాక అదే మారుమూలని సాకుగా చెప్పి రామన్నారు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే. సర్వీస్ ఎక్కడి వరకు ఉందో ముందే చెప్పి ఉంటే మా అమ్మని, పాపని ఇంట్లో దింపి వెళ్లేవాళ్లం, లేదా అసలు వెళ్లేవాళ్లమే కాదు.

మమ్మల్ని ఆదుకున్నది ఆ దారిన ఇంటికి వెళ్తున్న ఇద్దరు మత్స్యకారులు. 'పిల్లతోని ఇక్కడెలాగుంటారు బావూ, ఇంటికి రండి' అని తీసుకెళ్లి వేడన్నం, చేపల పులుసు పెట్టారు. టైరుని బైకు మీద వేసుకెళ్లి పంక్చర్ వేయించి తెచ్చారు. డబ్బులిస్తే పంక్చర్ ఖర్చు తప్ప ఒక్క రూపాయి తీసుకోలేదు. సర్వీస్ లేదని మీరన్న చోట వాళ్లు ఏడాది పొడుగునా బతుకుతున్నారండీ.

తిరిగొచ్చాక మీరు చేసిందేమిటంటే, టెంటు పాడైందనీ వ్యాన్‌లో ఇసుక ఉందనీ డిపాజిట్‌లో 3,500 కోసుకున్నారు. టేపు ఊడిన కుట్టుని ఆ రాత్రే, వాన పడుతుండగానే ఫొటో తీశాను. స్టెప్నీ ఫొటో, కాల్ లిస్టు కూడా దీంతో జత చేస్తున్నాను.

కోసుకున్న 3,500, చివరి రెండు రోజుల అద్దె 9,000, మొత్తం 12,500 రూపాయలు 15 రోజుల్లో నా ఖాతాలో వేయండి. మీ సర్వీస్ ఏ ఊరి వరకు వస్తుందో బుకింగ్ పేజీలోనే, డబ్బు కట్టకముందే కనబడేలా తెలుగులో పెట్టండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి, విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొన్నవాళ్లు తామున్న జిల్లాలోనే వేసుకోవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది కాబట్టి నేను మీరున్న విశాఖ దాకా రానక్కర్లేదు.

ఈలోగా ఆ వ్యాన్ ఇంకో కుటుంబానికి ఇచ్చేటట్టయితే, దయచేసి ముందు ఆ స్టెప్నీకి గాలి పట్టించి, జాకీ రాడ్డు పెట్టి ఇవ్వండి.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయనగరం